కుక్కరుపాటి మర్యాద

మా ఇంట్లో ప్రెషర్ కుక్కరుకి ఉన్న మర్యాద కంప్యూటరుకి లేదంటే మావారు నవ్వుతారు. మీరైనా నవ్వకుండా వినండి.

కుక్కరు పొయ్యి మీద పెట్టామనుకోండి. లోపల పప్పు ఎంతవరకు ఉడికిందో కంటికి కనపడదు. అయినా మనకి బెంగ లేదు. ముందు ఆవిరి బుసకొడుతుంది. తర్వాత మొదటి కూత, రెండో కూత! కూసినంత మాత్రాన పప్పు తొందరగా ఉడికిపోదు. కానీ ఆ కూతల మధ్య మనం కూర తరుక్కుంటాం, పిల్లకి జడ వేస్తాం. ఎంతసేపు పడుతుందో తెలిసిన ఆలస్యం ఆలస్యంలా ఉండదు.

ఇక కంప్యూటరు సంగతి. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు ఒక ప్రవేశ పరీక్షకి దరఖాస్తు పెట్టాలి. మర్నాడే ఆఖరి రోజు. తోడుగా నేనూ వెళ్లాను, మా బందరులోనే. కుర్రాడు వివరాలన్నీ కొట్టి, డబ్బు కట్టే బటన్ నొక్కాడు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది.

"వెళ్లిందా బాబూ?"

"తిరుగుతోందమ్మా."

"డబ్బు కట్టినట్టేనా, కాదా?"

"ఏమోనమ్మా, తిరుగుతోంది."

ఆవిడకి ఇంకా రెండిళ్ల పని మిగిలి ఉంది. చివరికి కుర్రాడు విసుగెత్తి మళ్లీ నొక్కాడు. తీరా చూస్తే రుసుము రెండుసార్లు కట్టినట్టు వచ్చింది! ఆవిడ మాట్లాడకుండా కొంగుముడి విప్పింది. తప్పు కుర్రాడిది కాదు, ఆవిడది అంతకంటే కాదు. నోరు విప్పని ఆ సాఫ్ట్‌వేరుది.

మా అక్క కొడుకు హైదరాబాదులో ఈ ఉద్యోగమే చేస్తున్నాడు. "పిన్నీ, సర్వరు ఎక్కడో ఉంటుంది. నెట్ నెమ్మదిగా ఉంటే మేమేం చేస్తాం?" అన్నాడు. ఒరే నాయనా, వేగం పెంచమని నేనడిగానా? చెప్పమంటున్నాను! పులిగడ్డ-పెనుమూడి వంతెన రాకముందు దివిసీమ నుంచి రేపల్లె వైపు వెళ్లాలంటే పడవే గతి. రేవులో నిలబడ్డవాళ్లకి అవతలి నుంచి వచ్చే పడవ కనపడేది. నడిమిదాకా వచ్చిందంటే మూటలు సర్దుకునేవారు. పడవ కనపడకపోతే ఎవరైనా ఏటిలోకి దిగుతారా? మీరు దింపుతున్నారు.

ఇది నా సొంత పైత్యం కాదు. పని ఎంత శాతం అయిందో చూపే గీత తెర మీద ఉంటే జనానికి నచ్చుతుందని 1985లోనే బ్రాడ్ మయర్స్ పరీక్ష చేసి చూపించాడు. 1993లో జేకబ్ నీల్సన్ లెక్కలు కూడా రాశాడు. నొక్కిన 0.1 సెకనులోపు స్పందిస్తే వెంటనే జరిగినట్టుంటుంది. 1 సెకను దాకా మన ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు మరో పని మీదికి పోతుంది. 10 సెకన్లండీ! మేం కూర్చున్నది 10 నిమిషాలు.

తెర బిగుసుకుపోవడానికి కారణం కూడా మావాడే చెప్పాడు. కొట్లో ఒక్కడే మనిషి ఉండి, సరుకు కోసం గోడౌనులోకి పోతే గల్లా దగ్గర పలికేవాడుండడు. మరొకణ్ణి గల్లా దగ్గర కూర్చోబెట్టాలి. సాఫ్ట్‌వేరులోనూ అంతే. బరువు పని వెనక జరుగుతుంటే, తెర చూసుకునే పని వేరేగా నడవాలి. తెలిసి కూడా చెయ్యరేం?

గుడివాడ పెళ్లి భోజనాలు చూడండి. కూర్చోగానే విస్తరి పడుతుంది, నీళ్లు వస్తాయి, ఉప్పూ పచ్చడీ వస్తాయి. అన్నం వచ్చేసరికి పది నిమిషాలైనా ఎవరూ చిరాకుపడరు. కంప్యూటరు కూడా ఖాళీ తెర చూపించే బదులు, ఉన్నంతవరకు ముందు వడ్డించవచ్చు కదా!

అలాగని కబుర్లతో బురిడీ కొట్టించమనడం లేదు. గీత 99 దగ్గరికి పరుగెత్తుకొచ్చి అక్కడే కూర్చుంటుందే, అది "వచ్చేశాను, వీధి మలుపులో ఉన్నాను" అని ఇంట్లోంచే ఫోన్లో చెప్పే మనిషి లాంటిది. తెలియకపోతే "తెలియదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను" అనాలి. అదీ సమాధానమే.

నేనడిగేది పెద్ద కోరికలేం కాదు. నొక్కగానే "అందింది" అనండి. పని తేలేదాకా ఆ బటన్ మళ్లీ నొక్కనివ్వకండి. పొరపాటున రెండుసార్లు పంపినా ఒక్కటిగానే లెక్కపెట్టండి. ఏ మెట్టు మీద ఉన్నారో చెప్పండి. మధ్యలో తెగితే కొట్టిన వివరాలు పోనివ్వకండి. ఎదురుగా కూర్చున్న మనిషి టైము మీ టైముకన్నా చవక అనుకోకండి.

ఇంతకీ ఆ పిల్ల పరీక్ష రాసింది. రెండోసారి కట్టిన డబ్బు తిరిగి వచ్చిందా అంటారా? అడిగాం. పరిశీలనలో ఉందిట.

అంటే, చక్రం ఇంకా తిరుగుతోందన్నమాట!