తెల్ల చాక్లెట్‌ది ఏ గూడు?

కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు ఛైర్మన్ గారికి,

తెల్ల చాక్లెట్‌ను మీ టారిఫ్ పుస్తకం చాక్లెట్‌గా ఒప్పుకోదు. కోకో వెన్న ఉన్నా కోకో పొడి లేదని 1704 శీర్షిక కింద, పంచదార మిఠాయిల సరసన కూర్చోబెట్టింది. మామూలు చాక్లెట్‌ది 1806. అదే చాక్లెట్ వేరుసెనగ పప్పుకు పూస్తే 1806లోనే ఉంటుంది, బిస్కెట్‌కు పూస్తే 1905కి పోతుంది! రేపర్ వెనుక సన్నక్షరాలు చదవందే కస్టమ్స్‌కు ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ నింపలేం.

1704కైనా 1806కైనా మూల సుంకం 30 శాతమే కదా అంటారేమో. కానీ వాణిజ్య ఒప్పందాల రాయితీలు, మూలదేశ నిబంధనలు శీర్షికను బట్టే నడుస్తాయి. నంబరు మీద పేచీ వస్తే సరుకు రేవులో ఆగుతుంది. మే నెల ఎండకు చాక్లెట్ ఆగదు.

సుంకం తగ్గించమనడం లేదు. ఏలూరు వైపు కోకో రైతుకు ఆ అడ్డు ఉండాల్సిందే. 2024 డిసెంబరులో కారమెల్ పాప్‌కార్న్ 1704 కిందికే వస్తుందని వివరణ వెలువడితే జనం నవ్వారు గానీ, నాకైతే ఆ స్పష్టతే నచ్చింది. మిగతా మిఠాయిలకూ అలాంటి వివరణ ఇవ్వండి. సరుకు ఏ శీర్షిక కిందికి వస్తుందో ముందే తేల్చే కస్టమ్స్ ముందస్తు రూలింగ్ అథారిటీలు ఢిల్లీ, ముంబయిలలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ విచారణలు జరిపించండి.

ఇట్లు,
ఒక చిన్న దిగుమతిదారు