గేటు మీద గ్రేడు, ల్యాబుకు తాళం

మొన్న దోస్త్‌ల ఆప్షన్లు పెట్టుకునే టైముల మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, ఈ కాలేజీకి న్యాక్ ఏ గ్రేడ్ ఉన్నదంట. బీఎస్సీ ఫిజిక్స్‌కు ఫస్ట్ ఆప్షన్ పెట్టుకోనా?" అని. పిల్లకు చుక్కలంటే పానం. "ముందుగాల ల్యాబ్ చూసొద్దాం పా" అన్న.

పోయినం. గేటు మీద గ్రేడు బోర్డు నిలువెత్తు ఉన్నది. ఫిజిక్స్ ల్యాబుకు తాళం. దాని చెవి దొరికేసరికి అర్ధగంట పట్టింది. లోపల స్పెక్ట్రోమీటర్ల మీద దుమ్ము. సోడియం దీపం కాలిపోయి రెండేండ్లాయెనట. "మరి ప్రాక్టికల్స్ ఎట్ల?" అంటే, "రికార్డు రాపిస్తం సార్" అన్నడు అటెండరు. పైన పటారం, లోన లొటారం.

మరి గ్రేడ్ అబద్ధమా? కాదు. మనమే దాన్ని తప్పుగ చదువుతున్నం. 1994ల పెట్టిన న్యాక్, కాలేజీ మొత్తాన్ని ఏడు కొలమానాలతోని తూకమేస్తది. పాలన, బిల్డింగులు, పరిశోధన, విద్యార్థులకు అండ, అన్నీ కలిపి ఒక్క మార్కు. ఐదేండ్లు చెల్లుతది. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ పండుకున్నా కామర్స్ నడుస్తుంటే సగటుల కొట్టుకపోతది.

ఇంజినీరింగ్‌కు లెక్క వేరే. ఆడ ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచిని విడిగ చూస్తది. సివిల్‌కు గుర్తింపు ఉండొచ్చు, పక్కనున్న మెకానికల్‌కు లేకపోవచ్చు. 2014ల మన దేశం వాషింగ్టన్ ఒప్పందంల పూర్తి సభ్యత్వం తీసుకున్నది గనుక ఆ ముద్రకు బయటి దేశాలల్ల సుత విలువున్నది. బ్రిటన్‌ల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ అనే సంఘం ఫిజిక్స్, ఆస్ట్రోఫిజిక్స్ డిగ్రీలను కోర్సు కోర్సుగా పరీక్షిస్తది. మరి మన ఊరి పిల్ల చదివే బీఎస్సీ ఫిజిక్స్‌ను అట్ల విడిగ చూసేటోడెవడు?

చుక్కల చదువు మనకు కొత్తది కాదు. 1868 ఆగస్టు 18న గుంటూరుల సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌తోనే చూసిండు. ఆ గ్రహణంనాడు కనవడ్డ పసుపు గీతే తర్వాత హీలియం అని తేలింది. మన ఉస్మానియాకు జపాల్-రంగాపూర్‌ల 48 అంగుళాల టెలిస్కోపు ఉండె. 1980 ఫిబ్రవరి 16 గ్రహణాన్ని ఆడికెళ్లే పరిశీలించిన్రు. తర్వాత అది ఏండ్లకేండ్లు మూలకు పడ్డది. అసొంటి గడ్డ మీద సోడియం దీపం కొననీకి దిక్కు లేదు.

తనిఖీలు పెంచితే అయిపోతదా? నేనైతే గుడ్డిగా నమ్మ. 2025 ఫిబ్రవరిల గ్రేడ్ కోసం లంచమిచ్చిన్రన్న ఆరోపణ మీద సీబీఐ గుంటూరు జిల్లాల ఒక డీమ్డ్ యూనివర్సిటీ పెద్దలను, న్యాక్ బృందం సభ్యులను అరెస్ట్ చేసింది. ఇంకో భయం సుత ఉన్నది. గ్రేడును నిధులకు ముడిపెడితే, పర్మనెంట్ లెక్చరర్లు లేని సర్కారు కాలేజీకే ముందుగాల దెబ్బ. ఆకలైనోని పళ్లెం గుంజుకున్నట్టు. గ్రేడులు తీసేసి గుర్తింపు ఉన్నది, లేదు అని రెండే ముక్కలల్ల చెప్తమని 2024ల న్యాక్ ప్రకటించింది. అదీ కాలేజీ మొత్తానికే. ల్యాబ్ తాళం దానితోని తెరుచుకోదు.

నేనడిగేది చిన్నది. ప్రతి కోర్సుకు ఒక కాగితం గోడకు అతికియ్యాలె. పర్మనెంట్ సార్లు ఎంతమంది, పిల్లలు సొంత చేతితోని చేసిన ప్రయోగాలెన్ని, ఎమ్మెస్సీకి పోయినోళ్లెందరు. తక్కువ తేలిన కాడ ముందు పోస్టులు నింపాలె, సామాను ఇయ్యాలె. ఆ తర్వాత సుత నడవకపోతే అప్పుడు లెక్క అడగాలె.

అప్పటిదాక తమ్మీ, చెల్లే, తనిఖీ మీరే చెయ్యిన్రి. సీటు తీసుకునే ముందు ల్యాబ్ తెరిపియ్యిన్రి. రెండో ఏడు పిల్లల రికార్డు కాదు, ఆళ్లు ఏం చేసిన్రో అడుగున్రి.

మా పిల్ల గ్రేడు తక్కువున్న సర్కారు కాలేజీని ఫస్ట్ పెట్టుకున్నది. ఆడ స్పెక్ట్రోమీటర్లు రెండే ఉన్నయి. కానీ దీపం వెలుగుతది.