కంచె సడలింది, మేత బీడు ముళ్లపాలైంది

కంచె లేని చేను, తల్లి లేని బిడ్డ ఒకటేనని పెద్దల మాట. నేడు మన అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో చేనుకు కంచె నిలవడం లేదు, జీవాలకు మేత బీడు మిగలడం లేదు. కార్తీకం వచ్చిందంటే ఊరూరా రెండు గొడవలు మొదలవుతాయి. మందలు చేన్లో పడ్డాయని రైతు కేకలు ఒకవైపు, ముళ్లకాయలు పట్టి జీవాలు కుంటుతున్నాయని కాపరి మొర ఇంకోవైపు. ఈ రెండూ ఒకే రోగానికి రెండు లక్షణాలు. ఆ రోగం పేరు, దిక్కులేకుండా పోయిన ఊరి ఉమ్మడి బీడు.

ముందు ముళ్ల సంగతి. వానకు మొలిచి పంట కోతల నాటికి ఎండే పల్లేరు, ఉత్తరేణి, మరులమాతంగి మనల్ని ఎక్కువగా పీడిస్తున్నాయి. పల్లేరు ముల్లు గిట్టల సందున దిగి పుండవుతుంది. పుండు మీద ఈగ వాలితే పురుగు పడుతుంది. ఉత్తరేణి గింజలు, మరులమాతంగి కాయలు గొర్రె ఉన్నికి, ఆవు తోక కుచ్చుకు, గాడిదల, గుర్రాల జూలుకు పట్టి ముడులు కడతాయి. ఆ ముడిని లాగితే వెంట్రుకతో పాటు చర్మం వస్తుంది. కాస్త శనగనూనె రాసి, కొంతసేపు నాననిచ్చి, కొస నుంచి పైకి వేళ్లతో విడదీయాలి. విడనిది కత్తెరతో తీసేయాలి. తీసిన కాయలను అక్కడే పారేయకుండా కాల్చేయాలి. పారేస్తే మన చేతులతో మనమే విత్తినట్టు.

మరులమాతంగిది ఇంకో మాయ. ఒక్కో కాయలో రెండు గింజలుంటాయి. ఒకటి ముందు మొలుస్తుంది, రెండోది ఆగి తర్వాత మొలుస్తుంది. కాబట్టి ఒక్క ఏడాది పీకితే పీడ వదలదు. పైగా దాని లేత మొలక విషం, తిన్న జీవం చచ్చిపోవచ్చు. పూత దశలో, కాయ కట్టకముందే పీకాలి. ఒక రైతు తన చేన్లో పీకితే చాలదు. వంకల పక్కన, చెరువు లోపల, బీట్లో ఊరంతా కలిసి పీకాలి. ఎందుకంటే బీట్లో పట్టిన కాయను గొర్రె మోసుకొచ్చి, ఎరువు కోసం మంద కట్టించుకున్న రైతు చేన్లోనే రాలుస్తుంది. కాపరి నష్టం మరుసటి ఏటికి రైతు నష్టమవుతుంది. కాయలు నిండిన ఉన్నిని కొనేవాడు ముఖం తిప్పుకుంటే కంబళి నేసేవాళ్ల పొట్టా కొట్టినట్టే.

ఇక కంచె. ముళ్లతీగ కొని నాలుగు కట్టెలు పాతితే కంచె కాదు. మూల కంబాలకు ఊతం లేకపోతే తీగ ఏడాదికే సడలుతుంది. అడుగు తీగ ఎత్తుగా ఉంటే మేక దూరుతుంది, అడవిపంది అసలు లెక్కే చేయదు. కంప కొట్టి వేస్తే చెదలు తింటుంది. జింకలకు భయపడి ఇంట్లో పాత చీరలు తెచ్చి చేను చుట్టూ కడుతున్నాం. మన నేలకు తగిన కంచె మన తాతలకు తెలుసు: బయట కందకం, లోపల కట్ట, కట్ట మీద రెండు వరుసల కిత్తనార. నీళ్లు పోయనక్కర లేదు, పశువు ముట్టదు, నారా వస్తుంది. కాకపోతే మూడు నాలుగేళ్లు ఓపిక పట్టాలి.

ఓపిక లేక కొందరు తీగకు కరెంటు పెడుతున్నారు. సంఘం దీన్ని ఖండిస్తోంది. ఆ తీగకు పంది, మనిషి తేడా తెలియదు. రాత్రిపూట నీళ్లు కట్టను పోయిన పక్క చేను రైతు దానికి బలైతే ఏ పంట ఆ ఇంటి కన్నీళ్లు తుడుస్తుంది?

అసలు మూలం బీట్లో ఉంది. గుట్టల కింద, వంకల వెంట ఉన్న పోరంబోకు కొంత పెద్దల కబ్జాలో పోయింది. ఎన్.పి.కుంట వంటి చోట్ల సోలార్ పార్కుల కింద వేల ఎకరాలు పోయాయి. మిగిలినదాన్ని సర్కారు తుమ్మ కమ్మేసింది. మంచి కసువు ఉన్నచోట జీవం చేను వైపు చూడదు. ముళ్లు తప్ప మేత లేనిచోట ఎంత మంచి కాపరి ఉన్నా మంద ఆగదు. తెల్లదొరలు 1871లోనే చట్టం చేసి బందెలదొడ్లు పెట్టారు. జరిమానాలు వసూలయ్యాయి కానీ ఆకలి తీరలేదు.

ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి ప్రజలకు తిరిగి అప్పగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తీర్పు పేరుతో భూమిలేని పేదల ఎకరా, అరెకరా మీదికి వస్తే ఊరుకోం. తేల్చాల్సింది పెద్దల ఆక్రమణలను.

అందుకే మా డిమాండ్లు:

1. ప్రతి ఊళ్లో మేత పోరంబోకు సర్వే చేసి, హద్దురాళ్లు పాతి, వివరాలు పంచాయతీ గోడ మీద రాయాలి.

2. బీళ్లలో ముళ్లమొక్కల తొలగింపు, కసువు విత్తడం, కందకాలు, కిత్తనార కట్టలు ఉపాధి పనుల్లో పెట్టాలి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పనికి ఇక్కడే దారి లేకపోతే ఎక్కడుంటుంది?

3. చిన్న, సన్నకారు రైతులకు రాతి కంబాలు, తీగ సబ్సిడీపై ఇవ్వాలి. పక్కపక్క రైతులు కలిసి ఒకే కంచె వేసుకుంటే వారికి ముందు ఇవ్వాలి.

4. జింకలు, పందుల వల్ల నష్టపోయిన పంటకు ఆలస్యం లేకుండా పరిహారం చెల్లించాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ప్రతి గ్రామ శాఖ వచ్చే గ్రామసభకు బీడు సర్వే నంబర్ల జాబితాతో వెళ్లాలి. ఆ సభకు గొర్రెల కాపరులను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. మంద రైతుకు ఎరువిస్తుంది, చేను మందకు మేతిస్తుంది. ఈ ఇద్దరూ కొట్టుకుంటుంటే బాగుపడేది బీడు మింగినవాడే.