సైలెన్సర్ ఎంచుకోవాల్సింది అరుగు మీద నిలబడి

సైలెన్సర్ అనే మాటలోనే దాని ఉద్యోగం ఏంటో ఉంది. ఇంజన్ నోరు నొక్కడం. మనం మాత్రం ఉన్న సైలెన్సర్ పీకేసి, వేలకి వేలు పోసి ఇంకోటి బిగించేది ఆ నోరు తెరిపించడానికి. మాది ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఈ వస్తువుకి అసలు తెలుగు మాట ఏంటో చాలా రోజులు తెలీదు. మా ఊళ్ళో మెకానిక్ "పొగగొట్టం" అన్నాడు. ఆ మాటే నిజాయితీగా ఉందనిపించింది. పొగ బయటికి పోవాలి, అంతే. సౌండ్ గురించి అది ఏ వాగ్దానమూ చెయ్యట్లేదు.

ఈ టాపిక్ ఎందుకంటే, ఆత్రేయపురంలో ఉండే మా పెద్దమ్మ కొడుకు సూపర్ మీటియర్ 650 కొన్నాడు. కొన్న వారం నుంచీ నాకు వాట్సాప్‌లో రకరకాల ఎగ్జాస్ట్‌ల వీడియోలు పంపుతున్నాడు. "నువ్వు ఇంజనీరింగే కదే, ఏది బాగుందో చెప్పు" అని. నేను చదివేది కంప్యూటర్ సైన్స్ అని చెప్పినా వదల్లేదు. సరే, వాడికి చెప్పాల్సింది ఇక్కడే రాస్తే మన హాస్టల్ పార్కింగ్‌లో ఉన్న బుల్లెట్ల ఓనర్లకి కూడా పనికొస్తుందని కూర్చున్నాను.

ముందు మా అన్నయ్య వైపు నుంచే మాట్లాడతాను. పెద్ద క్రూయిజర్ కొన్నవాడికి సౌండ్ మీద ఆశ ఉండటం తప్పేం కాదు. మా తాతగారి తరానికి బుల్లెట్ అంటేనే ఆ డుగ్ డుగ్. పాత బుల్లెట్ 350లో పిస్టన్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, అది పైకీ కిందకీ తిరిగే దూరం 90. పొడుగు స్ట్రోక్, బరువైన ఫ్లైవీల్, నిదానంగా తిరిగే ఇంజన్. ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడేది. హార్లీ సౌండ్ సంగతీ అంతే. 45 డిగ్రీల కోణంలో ఉన్న రెండు సిలిండర్లు ఒకే క్రాంక్ పిన్‌ని పంచుకోవడం వల్ల ఒక పేలుడుకీ ఇంకో పేలుడుకీ మధ్య గ్యాప్ సమానంగా ఉండదు, ఒకసారి 315 డిగ్రీలు, ఇంకోసారి 405. ఆ కుంటి నడకే దాని అందం. ఆ సౌండ్‌కి ట్రేడ్‌మార్క్ కావాలని కంపెనీ 1994లో అప్లై చేసి, 2000లో వెనక్కి తీసుకుంది కూడా. సూపర్ మీటియర్‌లో 270 డిగ్రీల క్రాంక్ పెట్టిందీ ఇలాంటి తాళం కోసమే.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఈ తాళం మొత్తం క్రాంక్‌లోనే పుడుతోంది. గొట్టం మారిస్తే గొంతు కొంచెం మారుతుంది, వాల్యూమ్ బాగా పెరుగుతుంది. పాట మాత్రం అదే.

ఇక గొట్టం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కంపెనీ సైలెన్సర్‌లో గదులు ఉంటాయి. ఇంజన్ నుంచి వచ్చే ప్రెషర్ అలలు ఆ గదుల గోడలకి కొట్టుకుని, వెనక్కి తిరిగి, ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. మార్కెట్లో "ఫ్రీ ఫ్లో" అని అమ్మేదాంట్లో ఎక్కువగా చిల్లుల గొట్టం తిన్నగా వెళ్ళిపోతుంది, దాని చుట్టూ గ్లాస్ ఊల్ లాంటి దూది కూరతారు. ఆ దూది వేడికి మెల్లగా కాలిపోతుంది. అంటే కొన్నరోజు విన్న సౌండ్ రెండేళ్ళ తర్వాత ఉండదు, ఇంకా పెరుగుతుంది. వీడియోల్లో ఈ సంగతి ఎవడూ చెప్పడు.

"పవర్ పెరుగుద్ది" అనేది రెండో మాట. చివరి భాగం మాత్రమే మార్చే స్లిప్ ఆన్ వల్ల వచ్చే తేడా రోడ్డు మీద మనకి తెలిసేంత ఉండదు. హెడర్ దగ్గర్నుంచీ మొత్తం మార్చేస్తే తేడా వస్తుంది, కానీ దాంతోపాటు కేటలిటిక్ కన్వర్టర్ పోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టే ఈసీయూ పెట్రోలు కొలుస్తుంది. గొట్టం మార్చి ఈసీయూని అలాగే వదిలేస్తే, ఇన్‌పుట్ ఫార్మాట్ మార్చేసి కోడ్ ముట్టుకోకుండా రన్ చేసినట్టు. "బరువు తగ్గుద్ది" అనేది మూడో మాట. 240 కిలోలు దాటిన బండి మీద నాలుగైదు కిలోలు తగ్గించడం కన్నా మా అన్నయ్య రాత్రిపూట బిర్యానీ తగ్గించడం చవక.

ఇప్పుడు అసలు లెక్క. మన దేశంలో 175 సీసీ దాటిన బైక్ తయారయ్యేటప్పుడు చేసే టెస్టులో శబ్దం 80 డెసిబెల్స్ దాటకూడదు. కొత్త గొట్టం 90 ఇస్తే "ఎంత, పదేగా" అనిపిస్తుంది. డెసిబెల్ లాగ్ స్కేల్ కదా. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు. ఒక్క బండి వెళ్తున్నా పది బండ్లు కలిసి వెళ్తున్నంత. ఆరుబయట చూస్తే, అంతకుముందు పది మీటర్ల దూరంలో ఉన్నవాడికి వినపడిన శబ్దమే ఇప్పుడు ముప్ఫై మీటర్ల దూరంలో ఉన్నవాడికి వినపడుతుంది.

ఆత్రేయపురంలో రోడ్డుకి ముప్ఫై మీటర్ల లోపు ఏముంటాయో వచ్చి చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక దగ్గర దిగి రావులపాలెం వైపు వస్తుంటే, ఒకపక్క కాలవ, ఒకపక్క కొబ్బరి చెట్లు, మధ్యలో ఇళ్ళు. క్రూయిజర్‌కి ఇంతకన్నా మంచి రోడ్డు ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఇళ్ళల్లో చాలా చోట్ల పొయ్యి ముందు ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి పాలల్లో ముంచిన గుడ్డ. గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగి తీస్తే కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. 2023లో జీఐ ట్యాగ్ వచ్చిన పూతరేకు అదే. గంటల తరబడి వేడి ముందు కూర్చుని చేసే పని. ఆ పని చేసేవాళ్ళ చెవులు రోడ్డు వైపే ఉంటాయి.

తలుపు వేసుకుంటే సరిపోదా అంటే సరిపోదు. రెండు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో సెకనుకి 50 సార్లు పేలుతుంది. అంటే ఎక్కువ శక్తి కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. అలాంటి శబ్దాన్ని గోడలు సరిగ్గా ఆపలేవు. పక్క వీధిలో డీజే పెడితే మనకి పాట వినపడదు, గుండెలో దడ మాత్రం వినపడుద్ది చూడండి, అదే సంగతి.

ఇదంతా చెప్తే మా అన్నయ్య ఒకటే అన్నాడు. "మన వీధిలో ఎవరూ ఏమీ అనట్లేదు కదే." నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ మాట వల్లే. ఎవరూ ఎందుకు అనట్లేదు? వీధిలో పెద్ద ఇల్లు మా పెద్దమ్మ వాళ్ళది. సగం మందికి మా వాళ్ళతో ఏదో ఒక పని ఉంటుంది. కూలీకి రేకులు తీసే ఆవిడ, మూడున్నర లక్షలు దాటిన బండి మీద వెళ్ళే కుర్రాణ్ణి ఆపి "బాబూ, పసిపిల్ల ఇప్పుడే పడుకుంది" అని అడుగుతుందా? ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. మనం దాన్ని "ఓకే" అని చదువుకుంటున్నాం. మన క్లాసులో ఒక జోక్ ఉంది, "నా మెషీన్ మీద బాగానే రన్ అవుతోంది" అని. యూజర్ కంప్లయింట్ పెట్టే బటనే లేని చోట కంప్లయింట్లు సున్నా అని సంతోషపడటం కూడా అలాంటిదే.

"గట్టి సౌండ్ ఉంటేనే సేఫ్" అనే వాదన కూడా విన్నాను. గొట్టం మూతి వెనక్కి ఉంటుంది. మనకి ప్రమాదం ఎక్కువగా ముందు నుంచీ, పక్కల నుంచీ వస్తుంది. ఏసీ వేసుకుని అద్దాలు ఎక్కించిన కారువాడికి మన సౌండ్ చేరేసరికి మనం వాడి పక్కనే ఉంటాం. ముందున్నవాణ్ణి హెచ్చరించడానికి హారన్, లైటు ఉన్నాయి. శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి నడిచి వెళ్ళే జనాన్ని తప్పించుకోవాలంటే కావాల్సింది బ్రేకు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మారిస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే 10,000 వరకూ జరిమానా, మూడు నెలల పాటు లైసెన్స్ కూడా పోవచ్చు. గొట్టం మీద యూరప్ ఆమోద ముద్ర ఉన్నా ఇక్కడ అది పాస్‌పోర్ట్ అయిపోదు. విశాఖలో, హైదరాబాద్‌లో పోలీసులు సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు అందరం చూశాం. నిజం చెప్పాలంటే అవి చూసి మారినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. రోలర్ కింద గొట్టం నలుగుతుంది, మోజు నలగదు. పైగా కాలవ గట్టు మీద డెసిబెల్ మీటర్ పట్టుకుని ఎవరూ నిలబడరు. కాబట్టి చివరికి ఇది బండి నడిపేవాడి చేతిలోనే ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా: కంపెనీ గొట్టాలు ఉంచెయ్యండి. ఆ డబ్బుతో మంచి హెల్మెట్, గ్లవ్స్, బూట్లు కొనండి. వెనక కూర్చునేవాళ్ళకి బ్యాక్‌రెస్ట్ పెట్టించండి. అమ్మ రెండోసారి కూడా బండెక్కుతుంది.

అయినా మనసు ఊరుకోకపోతే, కొనేముందు ఒక టెస్ట్ చెయ్యండి. అలాంటి గొట్టమే ఉన్న ఫ్రెండ్‌ని రాత్రి పదింటికి మీ వీధిలో ఒక్కసారి వెళ్ళమనండి. మీరు బండి మీద కాకుండా ఎదురింటి అరుగు మీద నిలబడండి. వీలైతే పసిపిల్లో, మంచంలో ఉన్న ముసలాయనో ఉన్న ఇంటి అరుగు. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ కచ్చితంగా కొలవదు కానీ, అదే ఫోన్‌తో, అదే చోట, ముందు మీ బండినీ తర్వాత వాడి బండినీ కొలిస్తే తేడా ఎంతో తెలుస్తుంది. నడిపేవాడి చెవిలో హెల్మెట్ ఉంటుంది, గాలి ఉంటుంది, సంతోషం ఉంటుంది. ఆ చెవితో గొట్టం ఎంచుకోకూడదు.

మా అన్నయ్యకి ఈ టెస్ట్ చెప్పాను. "చూద్దాంలే" అన్నాడు. సంక్రాంతి సెలవులకి నేను ఊరు వెళ్తున్నాను. ఏ అరుగు మీద నిలబడాలో వాడికి నేనే చూపిస్తాను.