ఎండకాలపు లెక్క



శ్రీరామనవమి పానకము త్రాగినది మొదలు మన శ్రీకాకుళ విజయనగర సీమలలో నెండలు ముదురును. కళ్లములు ఖాళీ యయినవి గనుక మృగశిరకార్తె వఱకు తీరికయే యని పురుషులు చెట్లనీడల విశ్రమింతురు. మనకో, అసలు పని యిప్పుడే మొదలగును. వడియములు పెట్టుట, ఆవకాయ కలుపుట, చింతపండు పిక్కలు తీయుట, ఏడాదికి సరిపడు పప్పు లెండబోయుట, ఇవన్నియు ఎండ యున్నంతలోనే ముగియవలెను. వీనికి దోడు మన సీమకు పేరు దెచ్చిన పనులును గొన్ని కలవు.

విజయనగర ప్రాంతమున లక్కవరపుకోట చెంత నున్న భీమాలి గ్రామము మామిడితాండ్రకు ప్రసిద్ధి. పండ్ల రసము తీసి, వడకట్టి, పంచదారయో బెల్లమో కలిపి, చాపలపై పలుచగా పూయుదురు. ఆ పూత యారిన పిమ్మట మఱియొక పూత. ఇట్లు పొరపై పొర దినముల తరబడి యెండినగాని తాండ్ర మందమునకు రాదు. నడుమ నొక్క యకాలవర్షము కురిసెనా, కష్టమంతయు నీటిపాలు! కావున నొకరు చాపల చెంత నుండి మబ్బు వంక చూచుచుండవలసినదే. ఆ యొకరు తఱచుగా నింటి కోడలే.

తాండ్ర యమ్మిన నాడు పండ్ల వెల, పంచదార వెల, పిలిచిన మనిషి కూలి లెక్కకు వచ్చును. తెల్లవాఱుజామున లేచి రసము తీసి, మిట్టమధ్యాహ్నము చాపలు కాచిన కోడలి దినము లా లెక్కలో నెచ్చట నున్నవి? అవి వ్రాయనందున మిగిలిన సొమ్మంతయు లాభముగా దోచును. నిజమున కందు చాలభాగ మామె కూలియే.

శ్రీకాకుళపు సీమలోని పొందూరు సంగతియు నిట్టిదే. గాంధీమహాత్ముడు మెచ్చిన సన్నని ఖద్దరు ఆ యూరిది. 1949లో నచ్చట ఖాదీ కార్మికుల సంఘ మేర్పడినది. వాలుగచేప దవడతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టిన పిమ్మటగాని స్త్రీలు రాట్నము ముందు కూర్చుండరు. చూచువారికి నూలు కనబడును గాని, నూలునకు ముందు గడచిన పూటలు కనబడవు. పలాసలోని జీడిపప్పు పనియు నంతే. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మమును పొక్కించును. పప్పు వెల యెఱిగినవా రనేకులు. ఆ చేతుల మంట యెఱిగినవారు కొందఱే.

కాబట్టి నా మనవి యిది. ఇంట నొక చిన్న పుస్తక ముంచి, కూలిమనిషి పూటల సరసనే మీ పూటలను గూడ వ్రాయుడు. ఇది అత్తగారితో వాదమునకు గాదు. సరుకునకు దగిన ధర యడుగుట కది యాధారము. వచ్చిన రొక్కములో గొంత మీ పేరిట తపాలా కచ్చేరి పొదుపు ఖాతాలో వేయుమని యడుగుటకును ఆధారము. ఎన్ని దినములు శ్రమించినను గిట్టని పని యేదో యా పుస్తకమే తెల్పును.

మఱియొక మాట. పూత పూయుట, చాపలు సర్దుట ప్రొద్దుటి చల్లవేళనే ముగించుకొనుడు. కావలి తప్పనిచో పందిరి నీడన కూర్చుండుడు. మజ్జిగయో, చోడియంబలియో దగ్గఱ నుంచుకొనుడు. గర్భిణులను, బాలింతలను ఎండకు పంపకుడు. ప్రొద్దు వాలిన పిదప పిల్లలతో తాటిముంజలు తినుచు వామనగుంట లాడుకొనుటకు నొక గడియ మిగుల్చుకొనుడు. దానిని మాత్రము పుస్తకమున వ్రాయ నక్కఱలేదు.