పురుగు రంగు - పత్తి తేమ

మాటమీద నిలువని మనిషిని తెలుగువారు ఊసరవెల్లి అంటారు. ఉర్దూవారు 'గిర్గిట్ కీ తరహ్ రంగ్ బదల్నా' అంటారు. ఈ రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో రంగు మార్చడం ఏ భాషలో చూచినా నిందయే. కాని ప్రకృతిలో రంగు మారడమంతా మోసం కాదు. కొన్ని పురుగులలో అది ఉన్న స్థితిని ఉన్నట్లు తెలిపే సాక్ష్యం. ఆ సాక్ష్యం ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల రైతుకు అక్కరకు రాగలదని మా అభిప్రాయం.

కందగడ్డ తీగలపైనా, చెరువుగట్టు తూటికాడలపైనా తాబేటి చిప్పవంటి చిన్న బంగారు పురుగు కనిపిస్తుంది. దానిని అగ్గిపెట్టెలో దాచిన పిల్లలకు చివరకు మిగిలేది వెలవెలబోయిన ఎండు పెంకు మాత్రమే. బంగారం ఏమైనట్లు? ఆ వన్నె అద్దకపు రంగు కాదు. పెంకులోని అతి పలుచని పొరలూ, వాటిలోని తేమా కలిసి వెలుతురును తిప్పి పంపడం వలన కలిగే మెరుపు. వాననీటిపై నూనెచుక్క రంగులీనడం ఇటువంటిదే. పురుగు చచ్చి తేమ ఆరగానే మెరుపు పోతుంది. పనామా దేశంలోని దీని బంధువు ఒకటి బెదిరినప్పుడు పొరలలోని ద్రవాన్ని తొలగించుకొని, సుమారు రెండు నిమిషాలలో బంగారు వన్నె నుండి ఎరుపుకు మారుతుంది. ఈ మర్మాన్ని బెల్జియం శాస్త్రజ్ఞులు 2007లో వివరించారు.

అమెరికా ఖండపు ఉష్ణమండల అడవులలోని హెర్క్యులస్ పెంకుపురుగు తీరు ఇంకా విచిత్రం. గాలి పొడిగా ఉంటే దాని పెంకు పసుపు కలిసిన ఆకుపచ్చ. తేమ పెరిగితే నలుపు. పెంకులోని సూక్ష్మరంధ్రాలలో గాలి ఉన్నంతవరకు వెలుతురు తిరిగి వస్తుంది. నీరు చేరితే లోపలికి పోయి అణగిపోతుంది. దీనిని ఆదర్శంగా తీసుకొని 2010లో కొరియా శాస్త్రజ్ఞులు ఒక పలుచని పొరను తయారుచేశారు. చుట్టూ ఉన్న గాలిలో తేమ పెరిగేకొద్దీ అది నీలి ఆకుపచ్చ నుండి ఎరుపుకు మారుతుంది. తేమను కంటితోనే గుర్తించవచ్చు, విద్యుత్తుతో పనిలేదు.

ఇక మన ఆదిలాబాదు పత్తి మార్కెట్టు సంగతి చూద్దాం. పత్తిలో తేమ 8 శాతం మించకుంటే సి.సి.ఐ. వారు పూర్తి మద్దతు ధర ఇస్తారు. 12 శాతం వరకు ధరలో కోత పెడతారు. అంతకు మించితే కొనరు. కరీంనగర్ వరి రైతుకు కొనుగోలు కేంద్రంలో ఆ గీత 17 శాతం. మంచు కురిసే రాత్రి పత్తి బండి బయట నిలిచిందంటే ఆ శాతం పెరుగుతుంది. తేమను కొలిచే యంత్రం కొనేవారి చేతిలో ఉన్నది. అమ్మేవాడు ఆ అంకె విని తల వంచుకోవలసినదే. ఇల్లు కదలకముందే తన పత్తి తడిని తానే తెలుసుకోగలిగితే, రైతు దానిని మరొక పూట ఎండబెట్టుకొని బయలుదేరుతాడు. దారి ఖర్చూ, బేరంలో అవమానమూ రెండూ తప్పుతాయి.

గాలిలోని తేమ వేరు, పత్తిలోని తేమ వేరు కదా అని విజ్ఞులు ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే పత్తిని డబ్బాలో నింపి మూత బిగిస్తే, కొంతసేపటికి లోపలి గాలి తేమ పత్తి తేమతో సమతూకానికి వస్తుంది. ఏ గాలి తేమకు పత్తిలో ఎంత శాతమో పట్టిక వేయడానికి ఒక త్రాసు, ఒక పొయ్యి, గాలి తేమను కొలిచే ఒక పరికరం, కొంత ఓపిక చాలు. ఇది డిగ్రీ విద్యార్థికి మించిన పని కాదు. రసాయనశాలలోని కోబాల్టు క్లోరైడు కాగితం పొడిగా ఉంటే నీలం, తడి తగిలితే గులాబీ. తొలి ప్రయోగాలకు అది పనికివస్తుంది. కాని అది విషపదార్థం. ధాన్యం దరికి చేర్చరాదు. పురుగు చూపిన దారిలో అటువంటి విషపు రంగుతో అవసరమే లేదు.

కనుక కళాశాల పాలకవర్గం వారికి మా విన్నపం ఒక్కటే. జంతుశాస్త్ర, భౌతికశాస్త్ర, రసాయనశాస్త్ర విద్యార్థులు కలిసి పనిచేయడానికి వారానికి ఒక పూట, ఒక బల్ల కేటాయించండి. విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు పత్తి ఏరి వచ్చిన తల్లుల బిడ్డలు. రేపు మార్కెట్టులో మీ నాయన తేమ అంకెను అడిగి తెలుసుకోవలసిన అవసరం లేకుండా చేయగల విద్య మీకు అందుబాటులోనే ఉన్నది. కందగడ్డ తీగపై ఈసారి ఆ బంగారు పురుగు కనిపిస్తే అగ్గిపెట్టె తెరవకండి, నోటుపుస్తకం తెరవండి.