ఓడ కనపడని ఫొటోలు

అంటార్కిటికా ఫొటోల్లో ఓడ కనపడదు. కావాలంటే ఫోన్ తీసి చూడండి. మంచుగడ్డ మీద పెంగ్విన్, తోక ఎత్తిన తిమింగలం, నీలం మంచు మీద బంగారు వెలుగు. ఫొటో తీసినవాడు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టే ఉంటుంది. ఉషువాయాలో ఓడెక్కి, డ్రేక్ పాసేజ్‌లో రెండు రోజులు కడుపు చేత్తో పట్టుకుని కూర్చుని, ఒకేసారి వందమందికి మించి ఒడ్డున ఉండకూడదన్న నియమం వల్ల తన వంతు కోసం చూసి, రబ్బరు పడవలో దిగి, పక్కవాడి మోచేయి ఫ్రేములోకి రాకుండా వంగి తీసిన ఫొటో అది. పక్కవాడూ అదే పనిలో ఉంటాడు. కింద కాప్షన్ మాత్రం 'మనిషి జాడ లేని లోకం'.

వెళ్ళినవాళ్ళతో నాకు గొడవ లేదు. లక్షలు పోసే స్తోమత ఉంటే నేనూ వెళ్తానేమో. నా గొడవ ఆ ఫ్రేముతో. ఎందుకంటే అది అక్కడ ఆగట్లేదు. హన్మకొండలో కొత్తగా కెమెరా కొన్న కుర్రాళ్ళు దాన్నే బడిగా చేసుకుని, ఆదివారం తెల్లారకముందే బండ్లేసుకుని పాకాలకూ తాడ్వాయికీ వెళ్తున్నారు.

ముందు ఆ దక్షిణపు సముద్రాల సంగతే చూద్దాం. వన్యప్రాణి ఫొటోగ్రాఫర్లకు సౌత్ జార్జియా దీవి కాశీ లాంటిది. సెయింట్ ఆండ్రూస్ బే ఒడ్డున లక్షకు పైగా కింగ్ పెంగ్విన్ జతలు. అదే దీవిలో గ్రిట్‌వికెన్ అనేచోట 1904లో తిమింగలాల ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాతి అరవై ఏళ్ళలో ఆ దీవి ఒడ్డున కోసి, ఉడికించి, నూనె తీసిన తిమింగలాలు సుమారు 1,75,000. తుప్పు పట్టిన యంత్రాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఓడల్లో వచ్చిన ఎలుకలు పక్షుల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంటే, హెలికాప్టర్లలోంచి విషపు ఎర చల్లి, ఏళ్ళ తరబడి తిప్పలు పడి, 2018లో గానీ దీవిలో ఎలుక లేదని ప్రకటించలేకపోయారు. వేటగాళ్ళు మాంసానికని తెచ్చి వదిలిన రెయిన్‌డీర్లనూ ఏరేయాల్సొచ్చింది. అంటే, మనం నోరు తెరిచి చూసే ఆ ఆదిమ ప్రకృతి మనుషులు చెడగొట్టి, మళ్ళీ మనుషులే బాగుచేసిన చోటు. నన్నడిగితే పెంగ్విన్ కన్నా ఆ కథే గొప్పది. దాన్ని ఫ్రేము బయటికి ఎందుకు నెడతారు?

పాతవాళ్ళు నెట్టలేదు. హెర్బర్ట్ పాంటింగ్ 1911లో మంచు గుహ లోపల నిలబడి తీసిన ఫొటోలో, గుహ నోట్లోంచి దూరంగా టెర్రా నోవా ఓడ కనిపిస్తుంది. ఓడ ఉంది కాబట్టే గుహ కొలత మన కళ్ళకు అందుతుంది. 1915లో షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ మంచులో నలిగిపోతుంటే ఫ్రాంక్ హర్లీ గడ్డకట్టే నీళ్ళలోకి దిగి తన గాజు నెగెటివ్‌లు పైకి తెచ్చుకున్నాడు. అన్నీ మోసుకెళ్ళే వీల్లేదు. షాకిల్టన్‌తో కలిసి మంచు మీద కూర్చుని సుమారు 120 ఏరుకుని, 400 దాకా పగలగొట్టాడు. (హర్లీ సత్యసంధుడేం కాదు. రెండు నెగెటివ్‌లు కలిపి ఒక ఫొటో వండటం ఆయనకు అలవాటే.) అయినా ఆయన పేరు చెబితే మనకు గుర్తొచ్చేది ధ్రువరాత్రి చీకట్లో తెల్లగా మెరిసే ఆ ఓడే. ఆ కుక్కలే, ఆ మనుషులే.

మన యాత్రారచన కూడా అలాగే మొదలైంది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తనను మోసే బోయీల సంగతీ రాశాడు, దారిలో ఎక్కడ ఏ సరుకు దొరుకుతుందో కూడా రాశాడు. మోసేవాణ్ణి చెరిపేసే విద్య మనకు తర్వాత పట్టుబడింది.

దీనికి ఎప్పుడూ ఒక జవాబు వస్తుంది. ఆ ఫొటోలు చూసి జనానికి ప్రకృతి మీద ప్రేమ పుడుతుంది, వెళ్ళొచ్చిన ప్రతివాడూ ఆ మంచుకు రాయబారి అవుతాడు అని. కావచ్చు. 2022లో 'నేచర్ కమ్యూనికేషన్స్'లో వచ్చిన అధ్యయనం మాత్రం ఓడలూ ఇతర వాహనాలూ వదిలే మసి లెక్కగట్టి, ఒక్కో యాత్రికుడి ఖాతాలో కరిగే మంచు సుమారు 83 టన్నులంది. 2022-23 సీజన్‌లో వెళ్ళిన రాయబారులు లక్ష దాటారు. ఓడ ఫ్రేములో లేకపోతే ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. అందుకే ఉండదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అంటార్కిటికాలో ఆదినుంచీ కాపురమున్న జనం ఎవరూ లేరు. ఖాళీ ఫ్రేము అక్కడ సగం అబద్ధమే. పాకాలకొస్తే పూర్తి అబద్ధం.

పాకాల గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో, మనుషులు కట్టిన చెరువు. 'అడవి ఒడిలో సహజ సరస్సు' అని మనవాళ్ళు పోస్టు చేసే ఆ నీళ్ళ కింద వందల ఏళ్ళుగా వరి పండుతోంది. పక్షి వచ్చింది చెరువుకు. చెరువును తవ్వింది పలుగూ పారా. ఆ కట్ట మీదే నిలబడి, కట్ట రాకుండా ఫొటో తీయడం నేను చూశాను. తాడ్వాయి దారిలో అయితే ఇంకా కష్టంగా ఉంటుంది. మేకలు తోలుకొచ్చే కోయ పిల్లాణ్ణి "తమ్మీ, జర పక్కకు జరుగు" అంటారు. వాడు నవ్వుతూ జరుగుతాడు. వాడి అడవిలోంచి వాడు జరుగుతాడు.

ఏటూరునాగారం అభయారణ్యం నడుమనే మేడారం ఉంది. రెండేళ్ళకోసారి కోటిమంది దాకా వచ్చే జాతర. పులుల మధ్య ఆడుకుంటున్న పసిపిల్లను వేటకు వెళ్ళిన కోయలు చూసి ఇంటికి తెచ్చుకున్నారనీ, ఆ పిల్లే సమ్మక్క అనీ కథ. పులీ మనిషీ ఒకే ఫ్రేములో ఉన్న కథ అది. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీ అన్న పెట్టెలో దానికి చోటు లేదు.

ఇదేదో కళ గురించిన చాదస్తం అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే ఆ భూమి తన స్వాధీనంలో ఉందని సాగుదారే రుజువు చూపించాలి. చూసే సాక్ష్యాల్లో ఉపగ్రహ చిత్రాలు కూడా ఉన్నాయి. అంటే ఈ అడవిలో ఫొటో అలంకారం కాదు, కాగితం. ఒకవైపు 'మేం ఇక్కడే ఉన్నాం' అని జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, ఇంకోవైపు మనం వాళ్ళు లేని అడవిని వేలకొద్దీ లైకులతో పంచుతున్నాం. ఆ ఫొటోల కింద "ముందు ఈ పోడోళ్ళను ఖాళీ చేయించాలి" అన్న కామెంటు కనపడితే ఆశ్చర్యమెందుకు? ఖాళీ చేయించే పని ఫొటో అప్పటికే సగం చేసిపెట్టింది.

పోడు వల్ల చెట్లు పోలేదా అంటే పోయాయి. జాతర ప్లాస్టిక్ వదలదా అంటే వదులుతుంది. అదీ తీయండి. కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీలో గుజ్జుగా మారిన కలప కథ కూడా ఎవరైనా తీస్తే బాగుండు.

మన వరంగల్‌లోనే పుట్టిన గుడిమల్ల భరత్ భూషణ్ 2022 జనవరిలో పోయారు. తెలంగాణ పల్లెలను, బతుకమ్మను, పనిచేసే ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి తీశారు. ఎవర్నీ పక్కకు జరగమన్న ఫొటోలు కావవి. ఇక్కడ కెమెరా పట్టేవాళ్ళు మొదట చూడాల్సింది అవి, ఆ తర్వాతే పెంగ్విన్లు.

దక్షిణానికి వెళ్ళేవాళ్ళు ఒక్క ఫొటోలోనైనా ఓడను ఉంచండి. దాని పేరు, ఎంతమంది ఎక్కారో రాయండి. పాకాల వెళ్ళేవాళ్ళకు పక్షి పేరు లాటిన్‌తో సహా రాసే ఓపిక ఉంది కదా, వెనకాల వల వేస్తున్న మనిషి ఏ ఊరాయనో కూడా అడిగి రాయండి.